అడగంగనే అవునంటరా

కళావతికి స్పానిష్ భాష మీద కోపం రావడానికి ఆ భాష చేసిన తప్పేమీ లేదు. అందరి మీదా వచ్చే కోపమే దాని మీదా వచ్చింది. మాదన్నపేట కూరగాయల మార్కెట్ వెనక సందులో గులాం నబీ వంటశాల ఉంది. అక్కడ గారెలు, పూరీలు, బగారా బైంగన్ కళావతి చేతి మీదుగానే పోవాలి. తిన్నవాళ్లు మళ్లీ అడిగే చేయి అది. ఆ చేతికి తగ్గ నోరు కూడా ఇచ్చాడు దేవుడు. పెళ్లికొడుకు బాగున్నాడంటే "మెడ ఏది?" అంటుంది. కొత్త గ్రైండర్ తెస్తే "లొల్లి మస్తు చేస్తది, పిండి రుబ్బుతదా?" అంటుంది. రోజుకొక పుల్లవిరుపు మాటైనా అనకపోతే ఆమెకు తిన్నది అరగదని వంటశాలలో అందరికీ తెలుసు.

అట్లాంటి చోటికి స్పెయిన్ వచ్చిపడింది. జూబ్లీహిల్స్‌లో ఒక బిల్డరుగారికి కూతురి పెళ్లి ఊళ్లో చేయడం నామోషీ అయింది. స్పెయిన్‌లో సముద్రం ఒడ్డున ఎవరిదో పాత కోట అద్దెకు తీసుకున్నాడు. పెళ్లి ఎక్కడైనా బిర్యానీ మాత్రం గులాం నబీదే ఉండాలన్నాడు. కోట స్పెయిన్‌ది, నాలుక పాతబస్తీది. గులాం నబీ, ఆయన కొడుకు ఉమర్ వెళ్లడం ఖాయమైంది. ఇంకొక్కరికే చోటుంది. అది కళావతికా, ఉల్లిగడ్డలు కోసే భిక్షపతికా అన్నది తేలలేదు. ఈలోగా పెళ్లి ఏర్పాట్లు చూసే కంపెనీ నుంచి స్రవ్య అనే అమ్మాయి రోజూ మధ్యాహ్నం క్యాబ్ దిగి, ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని సందులోకి వచ్చి, ప్రయాణంలో పనికొస్తాయంటూ వీళ్లకు స్పానిష్ ముక్కలు నేర్పేది.

కళావతికి వెళ్లాలని ఉంది. అన్నం సయించనంతగా ఉంది. ఎప్పుడో దుబాయిలో వంటపని ఇప్పిస్తానని ఒక ఏజెంటు చెబితే పాస్‌పోర్టు తీయించుకుంది. ఏజెంటు మాయమయ్యాడు, ఒక్క ముద్రైనా పడని పాస్‌పోర్టు మిగిలింది. ఆమె చేసిన ప్రయాణాలన్నీ పెళ్లివంటలకు డీసీఎం వ్యాను వెనక, గిన్నెల మధ్య ముడుచుకుని కూర్చుని చేసినవే. ఒళ్లో ఏ గిన్నే లేకుండా, కిటికీ పక్క సీట్లో, ఒక్కసారి ఎక్కడికైనా పోవాలని ఆమె కోరిక. ఎవరికీ చెప్పలేదు. చెబితే అడుక్కున్నట్టు ఉంటుంది. పైగా మార్కెట్లో ఆకుకూరలమ్మే సుగుణమ్మ దగ్గర "ఆళ్లే ఎంటబడుతున్నరు, నేనింకా ఏం చెప్పలె" అని కోతలు కూడా కోసింది.

మొదటి రోజు పాఠం, ఇద్దరికి టేబుల్ కావాలని అడగడం. "ఉనా మేసా పారా దోస్" అని అందరూ కలిసి పలకాలి.

"ఎవలిద్దరికి?" అంది కళావతి. "నాకూ నా గంటెకా?"

స్రవ్య నవ్వింది. "అది బేసిక్ సెంటెన్స్ ఆంటీ. రెస్టారెంట్‌కి వెళ్తే పనికొస్తుంది."

"మమ్మల్ని వండనీకి తీస్కపోతున్నరా, తిననీకా?"

రెండో పాఠంలో సూర్యాస్తమయం ఎంత అందంగా ఉందో చెప్పడం నేర్పింది. పొద్దుగూకే వేళకు పొయ్యి ముందు మొహాలు మాడ్చుకునేవాళ్లకు ఆ వాక్యం ఎందుకో ఆ కంపెనీకే తెలియాలి. భిక్షపతి మాత్రం దాన్ని వల్లె వేసుకుంటూ ఉల్లిగడ్డలు కోసి, కన్నీళ్లు కారుస్తూ సూర్యాస్తమయాన్ని మెచ్చుకున్నాడు. అతనికి సిగ్గూ లేదు, బెరుకూ లేదు. ఏది చెబితే అది అరిచేస్తాడు. వాడికున్నది భాష కాదు, గొంతు అనుకుంది కళావతి.

అందరికంటే శ్రద్ధగా నేర్చుకున్నవాడు గులాం నబీ. అరవై దాటిన మనిషి, గడ్డానికి గోరింటాకు, చేతి కింద ఇరవై మంది. అట్లాంటివాడు స్రవ్య రాగానే టోపీ సర్దుకుని బడిపిల్లాడిలా ముందు కూర్చునేవాడు. దమ్ మీద ఉన్న బిర్యానీ డేగ్ పక్కన నిలబడి పెదాలు కదుపుతుంటే, కొత్తగా వచ్చినవాళ్లు దువా చదువుతున్నాడనుకుని పక్కకు తప్పుకునేవారు.

ఆ రోజు మర్యాదల పాఠం. స్రవ్య అక్కడి ఇంటావిడ అనుకోవాలి, వీళ్లు అతిథులు. ఆమె ఖాళీ కప్పు చాపి కాఫీ కావాలా అని స్పానిష్‌లో అడుగుతుంది. వీళ్లు "సి, పోర్ ఫవోర్" అని కప్పు అందుకోవాలి. అంటే, అవునండీ, దయచేసి ఇవ్వండి అని. కళావతి వంతు వచ్చింది. ఆమె చేయి అడ్డంగా ఊపి, మొహం పక్కకు తిప్పి "నో, గ్రాసియాస్" అంది.

"అది వద్దు అనడానికి ఆంటీ. మీకు కావాలి కదా, కావాలనండి."

"అడగంగనే అవునంటరా? కరువుల పుట్టినోళ్లా?" కళావతికి నిజంగానే రోషం వచ్చింది. "మా ఇండ్లల్ల ఎవలన్న చాయ్ తాగుతవా అంటె వద్దంటం. ఆళ్లు ఇంకోసారి అంటరు. మళ్ల వద్దంటం. అప్పుడు గిలాస చేతుల పెడ్తరు. గదీ మర్యాద. ఒక్కసారికే నోరు తెరిస్తె గాళ్లేమనుకుంటరు?"

స్రవ్య బిత్తరపోయింది. గులాం నబీ మెల్లగా కల్పించుకున్నాడు. ఆయన ఇంట్లోనూ ఇదే పద్ధతి. కళావతికి చాయ్ ఇచ్చేటప్పుడు మళ్లీ మళ్లీ అడగడం ఆయనకు అలవాటు. "అరే బెహెన్, మనకాడ తకల్లుఫ్ నడుస్తది. పరాయి దేశంల ఈ మొహమాటం నడ్వదు. కావాల్నంటె కావాల్ననాలె. ఆళ్లు రెండోసారి అడగరంట."

మంచికే చెప్పాడు. కానీ అందరి ముందూ చెప్పాడు. అది కళావతికి గుచ్చుకుంది.

తర్వాతి వంతు గులాం నబీదే. వంటిల్లు ఎక్కడుంది అని అడగాలి. ఆయన లేచి నిలబడి, చేతులు కట్టుకుని, కళ్లు మూసుకుని "దోందే ఎస్తా లా..." అని ఆగిపోయాడు. "లా..." అన్నాడు మళ్లీ. మాట రాలేదు. చెమట పట్టింది.

"ఉస్తాదుకు వంటిల్లే యాదికొస్తలేదు!" అంది కళావతి. "ఎయిర్‌పోర్టుల గిట్లనే కండ్లు మూస్కొని నిలబడు ఉస్తాద్. సామాననుకోని బెల్టు మీదేసి తిప్పుతరు."

వంటశాల గొల్లుమంది. భిక్షపతి కత్తి కింద పెట్టి మరీ నవ్వాడు. ఉమర్ మొహం తిప్పుకున్నాడు గానీ అతని భుజాలు ఊగుతూనే ఉన్నాయి. గులాం నబీ కూడా నవ్వాడు. నవ్వి, గంటె తీసుకుని, కడిగి బోర్లించిన డేగ్‌ల వైపు ఏదో పని ఉన్నట్టు వెళ్లిపోయాడు. ఆ డేగ్‌లలో ఏమీ లేదు. కళావతి అది చూసింది. అయ్యో అనిపించింది కూడా. కానీ నలుగురు నవ్విన మాటను వెనక్కి తీసుకునే రకం కాదామె.

పేర్లు ఖాయం చేసే రోజు వచ్చింది. కళావతి ఇస్త్రీ చీర కట్టుకుని, పాస్‌పోర్టు చేతిసంచిలో పెట్టుకుని వచ్చింది. రాత్రంతా ముక్కలు వల్లె వేసింది. వంటిల్లు, ఉప్పు, నీళ్లు, కాలుతుంది జాగ్రత్త, అన్నీ నోటికి వచ్చాయి. స్రవ్య ఫోన్ పట్టుకుని నేరుగా ఆమె దగ్గరికే వచ్చింది. పెళ్లికూతురి నాయనమ్మకు కళావతి గారెలంటే ఇష్టమట. ముందు ఈమెనే అడగమన్నారట.

"కళావతి ఆంటీ, మీరు వస్తారా స్పెయిన్‌కి?"

కళావతి గుండె ఎగిరి గంతేసింది. పైట భుజం మీదికి లాక్కుంది. పెదాల మీదికి వచ్చిన నవ్వును బలవంతంగా మింగింది.

"నేనెందుకు బిడ్డా, వయసైపాయె. గా భిక్షపతిని తీస్కపోండ్రి" అని తల పక్కకు తిప్పి నిలబడింది. మాదన్నపేటలో ఏ ఇంటి గడప మీద ఆ మాట అన్నా, లోపల్నుంచి ఇల్లాలు వచ్చి చేయి పట్టుకుని లాక్కుపోతుంది. కళావతి ఆ చేయి కోసమే ఆగింది.

"ఓకే ఆంటీ, నో ప్రాబ్లం" అంది స్రవ్య. భిక్షపతి వైపు తిరిగింది. "మీరు?"

"సి, పోర్ ఫవోర్!" అని సందు చివరిదాకా వినబడేట్టు అరిచాడు భిక్షపతి.

కళావతి పక్కకు తిప్పిన తలను గిర్రున ఇటు తిప్పింది. ఆ పిల్లకు తెలియదు సరే. తెలిసినవాడు ఒకడున్నాడు. ఆమె గులాం నబీ వైపు చూసింది. ఆయన ఒక్కమాట అంటే చాలు. చల్ బెహెన్, నువ్వు రాకపోతే ఎట్ల, అంటే చాలు. ఆమె వద్దు అంటే ఏమిటో ఆయనకు తెలిసినంతగా కట్టుకున్నవాడికి కూడా తెలియదు. గులాం నబీ ఆమె కళ్లలోకే చూశాడు. గడ్డం నిమురుకున్నాడు.

"కళావతమ్మ వద్దంటే వద్దే" అన్నాడు స్రవ్యతో. "ఆమె ఏ మాటైనా మొహం మీదనే అంటది. లోపలొకటి బయటొకటి ఉండదు."

చాలా మర్యాదగా అన్నాడు. ఎవరికీ తప్పు పట్టడానికి లేదు.

"అయితే మీ పేరు తీసేస్తున్నా ఆంటీ. పర్లేదు కదా?" అంది స్రవ్య.

తీయకు అని లోపల్నుంచి ప్రాణం కొట్టుకుంది. నేనొస్తా, నాకు రావాలని ఉంది అన్న రెండు ముక్కలకు ఆమెకు తెలుగులో కూడా నోరు తిరగలేదు. "తీసెయ్. గింతదానికి నన్నడుగుడేంది?" అని చేతిసంచి చంకలో ఇరికించుకుని, మూల కూర్చుని మినప్పప్పు కడగడం మొదలుపెట్టింది. నీళ్లు తేటబడ్డా కడుగుతూనే ఉంది. ఆమెకు స్రవ్య మీద కోపం రాలేదు, భిక్షపతి మీదా రాలేదు. ఊరందరి మీదా వచ్చే కోపం మొదటిసారి తన నోటి మీదికే వచ్చింది.

సాయంత్రం మార్కెట్లోంచి పోతుంటే సుగుణమ్మ తోటకూర కట్టల వెనక నుంచి కేకేసింది. "ఏమొదినా, ఇస్త్రీ చీర గట్టినవ్! ఎప్పుడు పోతున్నవే?"

"పోతలేను. నేనే వద్దన్న."

"ఎందుకే, ఎంటబడుతున్నరంటివి?"

"ఆళ్లకు అడుగుడు రాదొదినా" అంది కళావతి మూతి విరిచి. ఆ విరుపు నిలవలేదు. సుగుణమ్మ గంప పక్కన కూలబడి, చేతిసంచిని మొహానికి అదుముకుని ఏడ్చింది.