అవ్వకు సెలవు లేదు

జగిత్యాలలో బీకాం కంప్యూటర్స్ చదివేటప్పుడు మా లెక్చరరు బోర్డు మీద ఒక త్రికోణం గీసి, అడ్డగీతలు పెట్టి నాలుగు అంతస్తులు చేశాడు. అట్టడుగున ట్రాన్సాక్షన్ సిస్టమ్. ఎవడొచ్చాడు, ఎవడు పోయాడు, ఏ సామాను ఎటు వెళ్లింది అని రోజువారీ సంగతులు రాసుకునేది అది. దాని మీద మేనేజ్‌మెంట్ సిస్టమ్, కింద రాసుకున్నదంతా కూడి రిపోర్టు ఇచ్చేది. ఆ పైన ఏం చేయాలో సలహా చెప్పే డెసిషన్ సిస్టమ్. కొసన, పెద్దసార్లు కుర్చీలో కూర్చుని ఒక్క చూపులో కంపెనీనంతా చూసుకునేది. ఏ వ్యాపార సంస్థకైనా ఇవే నాలుగు రకాలన్నాడు. పరీక్షలో ఈ ప్రశ్నే వచ్చింది. స్కేలు పెట్టి బొమ్మ గీసి మరీ రాశాను, మంచి మార్కులే పడ్డాయి. త్రికోణం కింద మనుషులుంటారని ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇప్పుడు ఆ కిందే ఉన్నాను. బహ్రెయిన్‌లో ఒక మెయింటెనెన్స్ కంపెనీకి వ్యాను నడుపుతాను. పొద్దున్నే క్యాంపులో మనుషుల్ని ఎక్కించుకుని అమ్వాజ్ దీవుల్లో అపార్టుమెంట్ల దగ్గర దింపడం, సాయంత్రం మళ్లీ తెచ్చుకోవడం నా డ్యూటీ. ఊళ్లో మాత్రం దేవేందర్ దుబాయిలో ఉన్నాడంటారు. బహ్రెయినని చెప్పీ చెప్పీ విసుగొచ్చి వదిలేశాను.

మా క్యాంపు గదిలో నా పక్క మంచం ముత్తన్నది. మా పక్క ఊరివాడు, నాకంటే చాలా పెద్ద. పైపులు, డ్రైనేజీలు చూస్తాడు. మూసుకుపోయిన గొట్టం ఎంత కంపు కొట్టినా ముక్కు మూసుకోడు, మారు మాట్లాడడు. కంపెనీలో అన్నీ ఫోనులోని యాప్‌తోనే నడుస్తాయి. గేటు దగ్గర మెషిన్‌కి వేలు పెడితే హాజరు పడుతుంది. ఏ ఫ్లాటులో నీళ్లు కారుతున్నాయో ఫోనే చెబుతుంది. సెలవు అడిగేదీ ఫోనులోనే, ఇచ్చేదీ ఫోనే. ముత్తన్నకు ఇంగ్లిషు రాదు కాబట్టి ఫోను మోగినప్పుడల్లా నావైపు చాపుతాడు.

ఆ రోజు వాళ్ల తమ్ముడు ఊరి నుంచి ఫోన్ చేశాడు. అవ్వ కనకవ్వకు పక్షవాతం వచ్చింది, మాట పడిపోయింది, కరీంనగర్ ఆసుపత్రిలో ఉంది. తలుపు చప్పుడైతే చాలు అటు తిరిగి చూస్తోందట, పెద్దకొడుకు వచ్చాడేమోనని. డాక్టర్లు ఆశ పెట్టుకోవద్దన్నారు. ముత్తన్న ఫోన్ జేబులో పెట్టుకుని, ఆమె కళ్లు మూయకముందు ఒక్కసారి కనబడితే చాలన్నాడు. అంతకుమించి ఇంకేమీ అడగలేదు.

కంపెనీలో అత్యవసర సెలవు అని ఒకటుంది. తల్లిదండ్రులకో, భార్యాబిడ్డలకో ప్రాణం మీదికొస్తే ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు, సిస్టమే చూసి అక్కడికక్కడే మంజూరు చేస్తుంది. మనుషుల చేతుల్లోంచి తీసి సిస్టమ్‌కి అప్పగించాం, ఇక పక్షపాతం ఉండదు అని ఆ మధ్య మీటింగు పెట్టి సమోసాలు కూడా పంచారు. సెలవు రాకుండా విమానం ఎక్కితే మాత్రం మళ్లీ ఈ గడ్డ మీద కాలు పెట్టలేం.

నేను నింపితే ఎక్కడైనా తప్పు పోతుందేమోనని వ్యాను సనాబిస్‌లోని ఆఫీసుకు తిప్పాను. అక్కడ విక్టర్ సార్ ఉంటాడు. పాలకొల్లు వైపు మనిషి, సెలవులూ వీసాలూ చూసే గుమస్తా. ఇక్కడి సెలవు రోజు శుక్రవారం తెలుగు చర్చిలో పాటలు పాడతాడు. ఇంగ్లిషు రానివాళ్లకు తన కంప్యూటరులోనే దరఖాస్తులు నింపి పెడతాడు. మంచివాడు. అదే నా ఖర్మ, చెడ్డవాడైతే ఈపాటికి తిట్టి కడుపు చల్లార్చుకునేవాణ్ణి. నాకు వ్యాను ఆపే చోటు దొరక్క వీధుల్లో చక్కర్లు కొడుతుంటే, ముత్తన్న ఒక్కడే లోపలికి పోయి వచ్చాడు. సారు మంచిగ అడిగిండు, అవ్వకు మస్తు సీరియస్ ఉందని చెప్పిన, నింపేసి ఖలాస్ అన్నడు అని సంబరంగా చెప్పాడు.

సాయంత్రానికి ఫోనులో ఎర్రగా వచ్చింది. ఈ కారణానికి సెలవు వర్తించదు. అంతే, ఇంకొక్క ముక్క లేదు. ముత్తన్నకు అదే చదివి చెప్పాను.

మర్నాడు ఇద్దరం మేనేజరు దగ్గరికే పోయాం. ఆయన తన తెర మావైపు తిప్పి చూపించాడు. రంగురంగుల బొమ్మలు, అంకెలు. ఈ నెల ఇన్ని దరఖాస్తులు, ఇన్ని మంజూరు, ఇన్ని తిరస్కారం. ముత్తన్న ఆ తిరస్కారం గడిలో ఒక అంకె. ఎందుకు తిరస్కరించిందో తనకు కనబడదట, కనబడినా మార్చే అధికారం తనకు లేదట, సిస్టమ్ అందరికీ ఒకటేనట. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడంటారు. ఇక్కడ దేవుడెవరో పూజారెవరో తెలిస్తే కదా పోయి మొక్కడానికి.

తిరిగి వస్తుంటే విక్టర్ పిలిచి కూర్చోబెట్టాడు, చాయ్ తెప్పించాడు. బాధపడకు ముత్తన్నా, పెద్ద వయసు కదా, దేవుడే చూసుకుంటాడు అని ఓదార్చాడు. ఓదార్పు అక్కడితో ఆపినా బాగుండేది.

"మనోళ్లు ఊరికే అన్లేదు కదండీ, అవ్వా కావాలి, బువ్వా కావాలంటే ఎలాగ అని" అంటూ చిన్నగా నవ్వాడు. తేలిక చేయాలనే అన్నాడు, నాకు తెలుసు.

ముత్తన్న చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"నాకు గా ఒక్క అవ్వనే సారూ. నన్ను కన్నది గామెనే."

విక్టర్ నవ్వు మొహం మీదే ఆగిపోయింది. "కన్నదా? అవ్వంటే... మీ అమ్మా?"

"మరి అవ్వంటే ఎవలు సారూ?" అన్నాడు ముత్తన్న. నిజంగానే అర్థంకాక అడిగాడు.

వాళ్ల గోదావరి ఒడ్డున అవ్వంటే ముసలామె, తాతకు జోడు. మా వైపు గోదావరి ఒడ్డున అవ్వంటే తల్లి. నది అదే, ఒడ్డు వేరు. విక్టర్ కంప్యూటరులో చుట్టరికాల వరుస తెరిచి, నాయనమ్మా అమ్మమ్మా అందరికీ కలిపి ఇంగ్లిషులో ఉన్న ఒక మాట నొక్కాడు. నాయనమ్మకు పక్షవాతం వస్తే మనవడు అరేబియా సముద్రం దాటనక్కర్లేదని ఆ సిస్టమ్‌కి ఎవరో పెద్దచదువుల వాళ్లు నేర్పారు. అది నేర్చుకున్నది చేసింది. నాకు తల పగలగొట్టుకోవాలనిపించింది. ఆ పూట వ్యాను రోడ్డు మధ్యలో ఆపేసి ముత్తన్నతో లోపలికి పోయినా సరిపోయేది.

విక్టర్ అప్పుడే దిద్దాడు. అమ్మమ్మ తీసేసి అమ్మ అని పెట్టాడు. దిద్దగానే పసుపు రంగు వచ్చింది. చుట్టరికం మార్చినందుకు దరఖాస్తు తనిఖీకి పోయిందట. నిన్న ముసలమ్మ, ఇవాళ తల్లి అంటే అబద్ధమాడి సెలవు కొట్టేసే రకమని దాని లెక్క. ఆసుపత్రి కాగితం పంపాం. ఆధార్ పంపాం. విక్టర్ హెడ్డాఫీసుకు తప్పు నాదేనని ఉత్తరం రాశాడు, ఫోన్లు చేశాడు, ఎవరెవరినో బతిమాలాడు. అందరూ మర్యాదగానే మాట్లాడారట. పసుపు మాత్రం పసుపుగానే ఉంది.

ముత్తన్న ఆ రోజుల్లో డ్యూటీ మానలేదు. వ్యానులో నా పక్కన కూర్చుని ఫోను చూసేవాడు. చదవడం రాదు కదా, రంగు చూసేవాడు. "పచ్చగయిందా తమ్మీ?" అని నన్ను అడిగేవాడు, తన కళ్ల మీద తనకే నమ్మకం లేనట్టు.

కనకవ్వ పోయింది. తలుపు వైపు తిరిగే పోయిందని తమ్ముడు చెప్పాడు. ఆ మాట చెప్పకపోయినా బాగుండేది. అన్న కోసం ఆపుదామని కాసేపు చూశారు, ఎంతసేపని ఆపుతారు. చిన్నకొడుకే తలకొరివి పెట్టాడు. వీడియో కాల్లో చూపిస్తుంటే ముత్తన్న క్యాంపు గోడకు ఆనుకుని నిలబడి చూశాడు. మంట అంటుకున్నాక ఎవరో ఫోను పక్కకు తిప్పారు, ఆకాశం కనిపించింది. ఆకాశమే చాలాసేపు చూశాడు.

ఆ తర్వాత పచ్చగయింది. తనిఖీ పూర్తి, తల్లి అనారోగ్యం నిజమే, సెలవు మంజూరు, నేటి నుంచే అమలు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నా కొంత నయం, ఇది కట్టె కాలాక పట్టుకోవడం. విక్టర్ క్యాంపుకే పరుగెత్తుకొచ్చాడు. ముత్తన్న ముందు నిలబడి క్షమించమన్నాడు, ఏడ్చాడు. ముత్తన్న కూర్చోడానికి తన మంచం చూపించాడు. దినాలకైనా పొమ్మని మేమిద్దరం ఎంతో చెప్పాం. ఇప్పుడు పోయి ఎవల్ని సూడాలె అన్నాడు. పొద్దున్నే పని బట్టలు వేసుకుని వ్యాను ఎక్కాడు.

అమ్వాజ్ గేటు దగ్గర అందరూ వేళ్లు పెట్టి లోపలికి పోయారు. ముత్తన్న వేలు పెడితే మెషిన్ కీచుమంది. వేలు తుడుచుకుని మళ్లీ పెట్టాడు, మళ్లీ కీచుమంది. గేటు కాపలా ఉండే నేపాలీ భాయ్ తెర మీదికి వంగి చూసి, మొహమాటంగా నావైపు చూశాడు. ఈయన సెలవులో ఉన్నాడు భాయ్, ఇండియాలో తల్లి దగ్గర ఉన్నట్టు చూపిస్తోంది, లోపలికి వదలలేను అన్నాడు.

నేను తెలుగులో చెప్పాను. ఎట్లా చెప్పానో నాకే తెలియదు.

ముత్తన్న తన వేలి వంక చూసుకున్నాడు. మెషిన్ వంక చూశాడు.

"నేను అవ్వ కాడ ఉన్ననా?" అన్నాడు. "మరి నాకు కనవడ్తలేదేందిరా?"