బొంత మీద కుట్టిన మాట

మా అక్క ముప్పై ఏళ్లు అచ్చాఫీసులో అక్షరాలు పేర్చింది. నేను బడికి పోలేదు. ఆమె ఇంటికి తెచ్చే ప్రూఫు కాగితాల మీద వేలు పెట్టుకుని, ఒక్కో అక్షరం లొంగేదాకా చూసి చదవడం నేర్చుకున్నాను. నోటిమాట మీద అక్కకు ఎప్పుడూ నమ్మకం లేదు. ఎవరేం చెప్పినా "కాగితం మీద ఉందా?" అనేది. ఇప్పుడు మతి నిలవడం లేదు. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు. చదువు మాత్రం పోలేదు. మందుసీసా మీది చీటీ కూడా గడగడా చదివేస్తుంది.

రెండుసార్లు స్టవ్ వెలిగించి మరిచిపోయింది. మూడోసారి వీధి చివర చెప్పుల్లేకుండా దొరికింది. వృద్ధుల హోమ్‌లో చేర్చాను. నేనే చేర్చాను. ఆమెను పట్టి ఆపే సత్తువ నా చేతుల్లో లేదు.

రోజూ మధ్యాహ్నం వెళ్లి కూర్చునేదాన్ని. నేను లేవగానే అక్క తలుపు దాకా వచ్చి నా మణికట్టు పట్టుకునేది.

"మళ్లీ ఎప్పుడొస్తావే?"

"రేపొస్తా అక్కా."

నేను మెట్లు దిగేలోపే ఆ మాట ఆమెలోంచి జారిపోయేది. "'చెల్లి నన్ను వదిలేసి పోయింది' అని సాయంత్రమంతా ఏడుపే, పెద్దమ్మా. నేనెంత చెప్పినా వినదు," అంది నర్సు.

మా ఆయన ఒకనాడు "ఇప్పుడే వస్తా" అని గొడుగైనా తీసుకోకుండా వెళ్లాడు. నలుగురు మోసుకొస్తే వచ్చాడు. అప్పటినుంచి గుమ్మం దగ్గర ఎవరు నిలబడినా నాకు గుండె దడ. ఇక అక్క ఏడుపు తలుచుకుంటే ముద్ద దిగేది కాదు. రేపొస్తానని కాగితం రాసిచ్చాను. ఎక్కడో పెట్టి మరిచిపోయింది. బొంతైతే ఎప్పుడూ ఒంటిమీదే ఉంటుంది కదా అనిపించింది.

అక్షరాలకు నా పాత బట్టలే కత్తిరించాను. మన అక్షరాలన్నీ వంకరలే, గుడ్డకేమో వంకర తిరగడం గిట్టదు. అంచున చిన్న చిన్న గాట్లు పెడితే తప్ప మడత లోపలికి పోదు. ఒక్క 'చె'కే రెండు రోజులు పట్టింది. అడుగు గుడ్డ చాలక, అక్షరాలు పట్టుకుని మా వీధి దర్జీ దగ్గరికి వెళ్లాను.

"ఏంటి పిన్నిగారూ, దుకాణానికి బోర్డా?" అన్నాడు. తర్వాత వరసగా పేర్చి చదివాడు. "'చెల్లి రేపు వస్తుంది.' బాగుంది. మరి ఎల్లుండికి ఇంకోటి కుడతారా?"

"నీ కత్తెర పని నువ్వు చూసుకోరా," అన్నాను. నవ్వాడు. నేనూ నవ్వాను. తలుపు దగ్గర రోజూ చెప్పే మాటే కదా, ఇంకేం కుడతాను?

బొంత ఇచ్చిన రోజునుంచి ఏడుపు ఆగింది. నర్సు సంతోషం పట్టలేకపోయింది. నేనూ నాలుగు రోజులు కడుపునిండా తిన్నాను.

ఐదో రోజు వెళ్లేసరికి అక్క సర్దుకుని కూర్చుంది.

"కూర్చోండి. మా చెల్లి కోసం వచ్చారా?"

"అక్కా, నేనే. నీ చెల్లిని."

జాలిగా చూసింది. బొంత నావైపు తిప్పి, అక్షరాల కింద వేలు జరుపుతూ చదివింది. "చెల్లి రేపు వస్తుంది. చూశారా? ఇవాళ కాదు. మీకు చదవడం వచ్చా?"

"వచ్చు."

"ఎవరు నేర్పారు?"

"మా అక్క తెచ్చిన కాగితాలు చూసి నేర్చుకున్నా."

"మంచి పని చేసింది," అంది.

మర్నాడు చిన్న కత్తెర తీసుకెళ్లాను. 'రేపు' ఒక్కటి విప్పేస్తే 'చెల్లి వస్తుంది' అని మిగులుతుంది, చాలు అనుకున్నాను. రెండు కుట్లు తెగాయో లేదో, అక్క బొంతను గుండెలకు హత్తుకుని కేక పెట్టింది.

"ముట్టుకోకు! మా చెల్లి కుట్టింది!"

నర్సు పరిగెత్తుకొచ్చింది. నేను కత్తెర సంచిలో దాచేశాను, దొంగతనం చేస్తూ పట్టుబడినట్టు. "ఉతకడానికి కూడా ఇవ్వదు పెద్దమ్మా, వదిలేయండి," అంది నర్సు. 'చెల్లి రోజూ వస్తుంది' అని ఇంకో బొంత కుట్టి తెచ్చినా, ముక్కూ మొహం తెలియని మనిషి చేతిది ఎందుకు కప్పుకుంటుంది?

కాసేపటికి అక్క శాంతించింది. నేను చేతులు కొంగులో ముడుచుకోవడం చూసింది కాబోలు, జరిగి చోటిచ్చి బొంత సగం నా మోకాళ్ల మీద కప్పింది.

"చలేస్తోందా? కప్పుకోండి. ఎవరితోనూ గొడవ పడే మనిషి కాదు మా చెల్లి. రేపు వస్తే మీరూ చూద్దురుగాని."

నా నీలం పూల గుడ్డే, నేను పెట్టిన గాట్లే. దాని కిందే ఇద్దరం పొద్దు వాలేదాకా కూర్చున్నాం. లేచాను. తలుపు దగ్గర ఊరికే కాసేపు నిలబడ్డాను. అక్క వేలితో అక్షరాలు తడుముకుంటోంది. మళ్లీ ఎప్పుడొస్తావని అడగలేదు.