మేకు కొట్టిన రేటు

ఆ బూట్ల ఫ్యాక్టరీలో తోలు కోసే మేస్త్రి కత్తి పిడితో బల్ల మీద కొట్టాడంటే, మాటకు అందరూ ఒప్పుకున్నట్టే లెక్క. పెద్దవాడు ముందు కొడతాడు, మిగతావాళ్ళు వరసగా కొడతారు. ఆయన కొట్టకపోతే ఎంత గొప్ప మాటైనా గాలికి పోయినట్టే.

ఆ రోజు యజమాని స్వయంగా మేడ దిగి వచ్చాడు. దేశాన్నేలే నాయకుడు గద్దెనెక్కిన నాడే డాలరుకు మన డబ్బు ఇంతేనని రేటును మేకు కొట్టినట్టు బిగించేశాడు. దేశంలో కూలీ, తోలు, కరెంటు అన్నీ పెరిగాయి, ఆ రేటు మాత్రం కదల్లేదు. దాంతో ఓడల్లో దిగే విదేశీ బూట్లు మన తోలు ఖరీదుకే దొరుకుతున్నాయి.

“రేటు సడలించమని అందరం కలిసి అడుగుదాం. మన బూట్లు మళ్ళీ బయటి దేశాలకు పోతాయి. లేదంటే గేటుకు తాళమే,” అన్నాడు యజమాని.

అందరూ మేస్త్రి వైపు చూశారు. మేస్త్రి కత్తి పక్కన పెట్టి చేతులు కట్టుకున్నాడు.

కారణం కూతురి ఉబ్బసం. ఆ పిల్ల పీల్చే మందు విదేశాల నుంచే రావాలి. రేటు సడలితే మందు ధర రెట్టింపవుతుందని నాయకుడు టీవీలో గుండె మీద చెయ్యేసుకుని చెప్పాడు. అందులో అబద్ధమేం లేదు, అదే వచ్చిన చిక్కు! సగం నిజం చెప్పేవాడితో వేగడం దేవుడి తరం కూడా కాదు.

“జీతమే లేకపోతే మందు ఎంత చవకైతే మనకేంటయ్యా?” అంది భార్య. ఆమె కూడా అక్కడే బూట్లు కుడుతుంది.

“శుభం పలకవే తల్లీ! బెదిరించడం ఆయనకు కొత్తా? అన్ని మిషన్లు పెట్టుకుని ఎవడైనా మూసుకుంటాడా?”

మూసుకున్నాడు. మిషన్లు పాత ఇనుము కింద పోయాయి. నాయకుడు ఆ గేటు ముందే సభ పెట్టి, యజమానిని దేశద్రోహి అని తిట్టిపోశాడు. పనులు పోయినవాళ్ళే చప్పట్లు కొట్టారు. మేస్త్రి కూడా కొట్టాడు, సిగ్గు లేకపోతే సరి! ఆ తర్వాత, ఆ రోజు బల్ల మీద కొట్టలేదన్న కోపంతో, తోటివాళ్ళు వీధిలో ఎదురైతే మొహం తిప్పుకోసాగారు.

ఒక సాయంత్రం పిల్లకు ఆయాసం ముంచుకొచ్చింది. ఇంట్లో మందు అయిపోయింది. మేస్త్రి పరుగున ఎదురు మందుల షాపుకు వెళ్ళాడు.

“ధర పైసా పెరగలేదు మేస్త్రీ! అంతా నాయకుడి చలవ,” అంటూ షాపతను మందు బల్ల మీద పెట్టాడు.

“డబ్బులు తర్వాత ఇస్తానయ్యా. పిల్లకు ఊపిరాడటం లేదు.”

షాపతను మందును మెల్లగా వెనక్కి లాక్కున్నాడు. “అరువులిచ్చి ఇచ్చి నేనే మునిగిపోయాను. వీధి వీధంతా ఇదే పాట. ఏమీ అనుకోవద్దు.”

అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని. మేస్త్రికి ఏడుపొచ్చింది. ఎవరిని తిట్టాలో తెలియక తనను తానే తిట్టుకుంటూ ఇంటికి వచ్చాడు.

పిల్ల మంచం మీద దిండు ఒళ్ళో పెట్టుకుని ముందుకు వంగి కూర్చుంది. తల్లి వీపు రాస్తోంది.

“తెచ్చావా నాన్నా?”

“షాపు మూసేశారమ్మా. పొద్దున్నే తెస్తాను.”

పిల్ల తలెత్తి కిటికీలోంచి చూసింది. వీధికి అటువైపు షాపులో లైట్లన్నీ వెలుగుతున్నాయి. ఎవరో మందులు కొనుక్కుంటున్నారు.

“సరే నాన్నా,” అంది.