రెండోసారి అడగని మాట

జేబులో ఫోను కొట్టుకుంటూనే ఉంది. మైకు దాని జోలికి పోలేదు. పోయే వీలూ లేదు, ఎందుకంటే అప్పుడే ఒక కాంక్రీటు గోడ పలక భవనం మీదుగా వెనకవైపుకి తిరిగి గాల్లో వేలాడుతోంది. కింద నలుగురు పనివాళ్లు దాన్ని అందుకోవడానికి చేతులు చాపి నిలబడ్డారు. పైన టవర్ క్రేన్ గదిలో కూర్చున్న బావకి ఈ వెనకవైపు బొత్తిగా కనపడదు. పలకా కనపడదు, మనుషులూ కనపడరు. ఆయనకున్న కళ్లు రెండూ కింద వాకీటాకీ పట్టుకుని నిలబడ్డ బామ్మర్ది నోట్లో ఉన్నాయి.

ఆ బామ్మర్దే మైకు. గొంతు విప్పితే పక్క వీధిలో వాళ్లు కూడా పని ఆపి చూస్తారని సైటులో ఆ పేరు పెట్టారు. స్టూలెక్కితే కళ్లు తిరిగే మనిషి క్రేను కింద ఉద్యోగం చేయడమేమిటని అందరికీ నవ్వు. కానీ సిగ్నల్ చెప్పడంలో అతనికి సాటి లేరు. బావ ఎన్నో భవనాలు అతని మాట మీదే కట్టాడు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా "ఏంటీ?" అని గాని, "నిజమేనా?" అని గాని అడగలేదు. మైకు కుడికి అంటే కుడికి, ఆపు అంటే ఆపు. మైకుకి ఈ లోకంలో గర్వమంటూ ఉంటే అదొక్కటే.

"దించు బావా, నెమ్మదిగా. ఇంకా… ఇంకా… ఎడమకి కొంచెం."

మేస్త్రి పరుగెత్తుకొచ్చాడు. ఆయాసపడుతూ తన ఫోను మైకు రెండో చెవికి ఆనించాడు. "మీ అక్కయ్య. ఏడుస్తోంది."

"ఒరేయ్ తమ్ముడూ, ఆసుపత్రి నుంచి ఫోనొచ్చిందిరా. నిన్న మీ బావ ఇచ్చిన రక్తంలో పొటాషియం మరీ ఎక్కువుందంట. గుండె ఎప్పుడైనా ఆగిపోవచ్చంటున్నారు. వెంటనే తీసుకురమ్మంటున్నారు. ఒరేయ్, పొటాషియం అంటే మన ఉప్పే కదరా?"

మైకు తలెత్తి చూశాడు. పలక ఇంకా తలల మీదే ఉంది.

జరిగిందేమిటో ఇక్కడ చెప్పుకోవాలి. బావకి బీపీ పాతదే. మూడు రకాల మాత్రలు మింగినా అది దిగిరాదు. క్రేను నడిపేవాడికి ఏటా ఒంటి పరీక్ష ఉంటుంది. అందులో తప్పితే కిందకి దిగాల్సిందే. బావని కిందకి దించడమంటే చేపని ఒడ్డున పడేయడమే. అలాంటి సమయంలో ఒక ఆసుపత్రి వాళ్లు మొండి బీపీకి కొత్త మందు పరీక్షిస్తున్నామన్నారు. ఒంట్లో ఉప్పుని పట్టి ఉంచే హార్మోన్ ఒకటుంటుందట, అది తయారవకుండా ఈ మాత్ర ఆపుతుందట. పాత మాత్రలు మానకుండా దీన్నీ వేసుకోవాలి. అయితే అసలు మందు సగంమందికే. మిగతా సగానికి చూడ్డానికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర ఇస్తారు. ఎవరికేది అందిందో మింగేవాళ్లకీ తెలియదు, ఇచ్చే నర్సుకీ తెలియదు.

"అయితే మీదీ నా పనేనమ్మా. కనపడని చోట బరువు దించుతున్నారు" అన్నాడు బావ నర్సుతో. ఆమె నవ్వి సంతకం పెట్టించుకుంది. వెళ్లిన ప్రతిసారీ ఆమె ఒకటే అడిగేది, తిండిలో ఏమైనా మార్చారా అని. బావ నోరు తెరిచేలోపే పక్కనున్న అక్క "ఏం మార్చలేదమ్మా" అనేసేది.

మార్చింది. మార్చమని చెప్పింది మైకే. కొన్ని ఊళ్లలో మామూలు ఉప్పు కొంత తగ్గించి, ఆ మేరకు పొటాషియం ఉప్పు కలిపి ఇళ్లకి ఇచ్చారనీ, బీపీలు తగ్గాయనీ, పక్షవాతాలు కూడా తగ్గాయనీ పేపర్లో చదివాడు. అది నిజమే. కిడ్నీ జబ్బున్నవాళ్లూ, కొన్ని రకాల బీపీ మాత్రలు వేసుకునేవాళ్లూ డాక్టర్ని అడక్కుండా దాన్ని ముట్టకూడదని అదే వార్త చివర్లో రాశారు. అదీ నిజమే. చివరిదాకా చదివే ఓపిక మన మైకుకి ఎక్కడిది? ఆ సాయంత్రమే ఉప్పు ప్యాకెట్లు కొని అక్క చేతిలో పెట్టాడు.

అక్క ముందు భయపడింది. అంతకుముందు ఉప్పు తగ్గించి వండితే బావ కంచం ముందు నుంచి లేచిపోయిన మనిషి. "చెప్పకుండా జాడీలో పోసెయ్యవే, ఆయనకేం తెలుస్తుంది" అన్నాడు మైకు. ఆమె పోసేసి, ప్యాకెట్లు చెత్తబుట్టలో పడేసింది. వాటి వెనక సన్నటి అక్షరాల్లో ఏముందో ఎవరూ చూడలేదు. కూర కాస్త చప్పబడిందంటూ బావ రోజూ జాడీలోంచి ఇంకో చిటికెడు వేసుకునేవాడు.

బీపీ మాత్రం దిగింది. చూస్తుండగానే దిగింది. "చూశారా కొత్త మాత్ర మహిమ!" అని బావ మీసం దువ్వుతుంటే, అక్కా తమ్ముడూ ఒకరి మొహం ఒకరు చూసుకుని లోలోపల మురిసిపోయేవాళ్లు. ఒకరి మీదున్న ప్రేమతో చేసిన దొంగపని ఎంత తియ్యగా ఉంటుందో వాళ్లనడగాలి.

"మైకూ! ఎంత దించాలి?" వాకీటాకీలో బావ.

మైకు ఉలిక్కిపడ్డాడు. ఇప్పుడు సంగతి చెబితే పైనున్న మనిషి చేయి వణుకుతుంది. ఆ చేయి వణికితే కింద నలుగురు లేరు. చెప్పకపోతే, ఆ చేయి ఏ క్షణాన ఆగిపోతుందో తెలియదు. ఫోనులో అక్క ఇంకా ఏడుస్తూనే ఉంది. మేస్త్రి ఫోను తీసేశాడు.

"దించు బావా. ఇంకా… ఇంకొంచెం."

"ఏరా, గొంతు అలా ఉందేంటి?"

"దుమ్ము బావా."

వాకీటాకీలో అతను అబద్ధమాడడం అదే మొదటిసారి. బావ నమ్మేశాడు.

"నాకూ ఏదోలా ఉందిరా. కాళ్లు నావి కావన్నట్టున్నాయి. ఎండ దెబ్బేమో. మీ అక్కకి చెప్పకు, ఇల్లు పీకి పందిరేస్తుంది."

మైకుకి ఏడుపొచ్చింది. అప్పుడే ఇంకో సంగతి కూడా తలకెక్కింది. క్రేను గదిలో మరుగుదొడ్డి ఉండదు. దిగి రావాలంటే పని ఆగిపోతుంది. అందుకని బావ పొద్దున ఎక్కితే సాయంత్రం దిగేదాకా మంచినీళ్లు ముట్టడు. ఇంత ఎండలో కూడా ముట్టడు. క్రేను నడిపేవాళ్లందరికీ ఉన్న అలవాటే అది. సైటులో దాన్నెవరూ తప్పనుకోరు. నర్సుకి ఆ మాట బావా చెప్పి ఉండడు.

"ఇంకా… ఇంకా… అందుకున్నారు బావా. తగిలింది. ఆపు."

పలక కూర్చుంది. పనివాళ్లు గొలుసులు విప్పారు. చివరి గొలుసు కొక్కెం నుంచి జారేదాకా మైకు ఊపిరి పీల్చుకోలేదు.

"బావా, కొక్కెం పైకి లాగి క్రేను ఆపెయ్. ఆపేశాక సీట్లోనే కూర్చో. లేవకు."

"ఎందుకురా?"

"నీ రక్తంలో తేడా ఉందంట. ఆసుపత్రి వాళ్లు ఫోన్ చేశారు. నేనొస్తున్నా."

"నువ్వా? పైకా?" బావ నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

భవనం పక్కన సామాన్లు మోసే లిఫ్టు ఉంది. అది పై అంతస్తుదాకా వెళుతుంది. అక్కణ్ణుంచి క్రేను స్తంభానికి ఇనుప జల్లెడ పరిచిన సన్నటి వంతెన. దాని మీద నుంచి నిచ్చెన ఎక్కితే బావ గది. మేస్త్రి అంబులెన్సుకి ఫోన్ చేస్తుంటే మైకు నడుముకి బెల్టు కట్టుకుని, ఎత్తుల్లో పనిచేసే ఇద్దర్ని వెంటేసుకుని లిఫ్టెక్కాడు. వంతెన మీద కాలు పెట్టగానే జల్లెడ కింద నేల కనపడింది. మనుషులు బియ్యపు గింజల్లా ఉన్నారు. వెనక్కి వెళ్లిపోదామనిపించింది. ఉప్పు ప్యాకెట్లు కొన్న చేత్తోనే కమ్మీ పట్టుకుని, కళ్లు బావ గది తలుపు మీదే పెట్టుకుని నడిచాడు.

బావ మొహం తెల్లగా పాలిపోయింది. పెదవులు ఎండిపోయి పగిలి ఉన్నాయి. లేవబోతే మోకాళ్లు నిలవలేదు. ముగ్గురూ కలిసి ఆయనకి బెల్టు తొడిగి, తాడు బిగించి, నిచ్చెన మీద మెట్టు తర్వాత మెట్టు దించారు. ప్రతి మెట్టు మీదా మైకు కింద నుంచి బావ పాదాన్ని తన చేత్తో తీసి సరైన చోట పెట్టాడు.

"కుడి కాలు బావా… కిందకి… ఇంకొంచెం… ఆపు. ఇప్పుడు ఎడమది."

బావ మారుమాట్లాడకుండా అతను చెప్పినట్టే చేశాడు. కళ్లు మూసుకునే ఉన్నాడు. అలా కళ్లు మూసుకుని తనని నమ్మడం చూస్తుంటే మైకుకి ఎత్తు భయం పోయి, అంతకన్నా పెద్ద భయం పట్టుకుంది.

ఆసుపత్రిలో ఈసీజీ తీసి గుండె గీతలు చూశారు. అందరి చేతులూ ఒక్కసారిగా వేగం పుంజుకున్నాయి. ఒక సూది ఇచ్చారు, ఇంకోటి ఇచ్చారు, సెలైను ఎక్కించారు. అక్క గోడకి చేరబడి నిలబడిపోయింది. తెర అవతల యంత్రం కూత ఒకసారి తడబడింది, మళ్లీ అందుకుంది. మైకు ఆ కూతని వింటూ, ఏం సిగ్నల్ చెప్పాలో తెలియనివాడిలా చేతులు వేలాడేసుకుని నిలబడ్డాడు.

సాయంత్రానికి గీతలు దారికొచ్చాయి. కొత్త మందు పరిశోధన చూసే డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన కూర్చుంది. వెనక నర్సు.

"తిండిలో ఏమైనా మార్చారా?" అని ఆమే అడిగింది ఈసారి.

బావ లేదన్నట్టు తలూపాడు. అక్క నోరు తెరిచింది. అలవాటైన మాట రాలేదు. "ఉప్పు మార్చానమ్మా" అని బావురుమంది. "ఈయనకి చెప్పకుండా మార్చాను. మంచి జరుగుతుందనుకున్నాను."

"నేనే కొనిచ్చానండీ" అన్నాడు మైకు నేల చూస్తూ.

"ఈయన పొద్దుట్నుంచీ సాయంత్రందాకా నీళ్లు తాగరు. అది కూడా చెప్పలేదు మీకు" అంది అక్క కళ్లు తుడుచుకుంటూ. బావ తల పక్కకి తిప్పుకున్నాడు.

డాక్టరమ్మ ఒక్క నిట్టూర్పు విడిచింది. "మీ పాత మాత్రల్లో ఒకటి పొటాషియాన్ని బయటికి పోనివ్వదు. నీళ్లు లేక కిడ్నీలు అలిసిపోయి ఉన్నాయి. దాని మీద ఈ ఉప్పు. ఇక ఎటు పోతుంది? ప్రాణం మీదకొస్తే ఎవరికేం ఇచ్చామో తెరిచి చూసే వీలుంటుంది. చూశాం. మీకు వచ్చింది ఉత్తుత్తి మాత్ర."



"మరి బీపీ?" అన్నాడు బావ.

"దాన్ని ఆ కొత్త ఉప్పే తగ్గించి ఉండాలి. ముందే చెప్పుంటే ఆ ఉప్పు మీకు పడదని మొదటి రోజే చెప్పేవాళ్లం, దారి వేరేది చూసేవాళ్లం. ఈ పరిశోధన నుంచి మిమ్మల్ని తప్పించక తప్పదు. కిడ్నీలు కోలుకుంటాయి. క్రేను సంగతి ఆ తర్వాత చూద్దాం. నీళ్లు తాగండి ముందు."

ఆవిడ వెళ్లాక బావ అక్క వైపు చూసి పేలవంగా నవ్వాడు. "చప్పటి కూర పెట్టి చంపబోయావే" అన్నాడు. అక్క ఏడుస్తూనే నవ్వి, ఆయన చేయి తీసుకుని కళ్లకద్దుకుంది. వాళ్లిద్దరి లెక్క అక్కడితో తీరిపోయింది. మైకు మంచం చివర నిలబడి తన వంతు కోసం చూశాడు. తిడితే బాగుండుననుకున్నాడు. బావ ఎప్పుడూ తిట్టే తిట్లన్నీ ఒక్కసారి తిట్టేస్తే ప్రాణం కుదుటపడేది.

"దుమ్మన్నావు కదరా" అన్నాడు బావ, అంతే.

"కింద మనుషులున్నారు బావా. అందుకే."

"అది సరే. అక్కడ నేనైనా అదే చేసేవాణ్ణి." బావ పైకప్పు వైపు చూశాడు. "కొక్కెం కింద ఏముందో నువ్వు చెబితే చాలురా నాకు. కంచంలో ఏముందో కూడా నువ్వే చెబుతావనుకున్నాను."

మైకు చేతులు ఊరికే ఉండలేక కూజాలోంచి గ్లాసు నిండా నీళ్లు వంచి ఇచ్చాడు. బావ తీసుకున్నాడు. పెదవుల దాకా తీసుకెళ్లి ఆగాడు. గ్లాసులోకి చూశాడు.

"మంచినీళ్లేనా?"

"మంచినీళ్లే బావా."

బావ తాగలేదు. గ్లాసు అలాగే పట్టుకుని బామ్మర్ది మొహంలోకి చూశాడు.

"నిజమేనా?"

సైటంతా మోగే గొంతు మైకుకే వినపడీ వినపడనట్టు బయటికొచ్చింది.

"నిజం బావా."

అప్పుడు తాగాడు.