జలపతి ఎముక

రుద్రంగికి ఇవతల, గుట్ట కింద పాత క్వారీలో నీళ్ళు తోడుతున్నారని తెలిసిన రోజు సుమిత్ర బీడీల చాట పక్కన పెట్టి లేచింది. పదేళ్ళకు పైగా ఆ నీళ్ళ అడుగునే ఆమె మొగుడు జలపతి ఉన్నాడు. ఊరంతా అలాగే అనుకుంది, ఆమె కూడా అలాగే అనుకుంది.

నల్లరాయి కోసం తవ్వి తవ్వి వదిలేసిన గుంత అది. ఊటలు పడి నిండిపోయింది. ఒక ఎండాకాలం జలపతి స్నానానికని అక్కడికి పోయాడు. గట్టు మీద అంగీ, లుంగీ, చెప్పులు దొరికాయి, మనిషి దొరకలేదు. ఈతగాళ్ళు రెండు మునకలేసి, అడుగు అందడం లేదని చేతులెత్తేశారు. శవం లేకపోయినా సుమిత్ర గాజులు పగలగొట్టారు, మెట్టెలు తీశారు. అలాంటి పనులకు మాత్రం మనవాళ్ళు ఆలస్యం చేయరు. చచ్చినవాడి కళ్ళు చారెడన్నట్టు, బతికుండగా పూచికపుల్ల కదపని జలపతి పోయాక బంగారమైపోయాడు.

అప్పటి నుంచి బీడీలు చుట్టి అత్త గౌరవ్వను సాకుతోంది సుమిత్ర. మొదట్లో పుట్టింటివాళ్ళు వచ్చి మళ్ళీ పెళ్ళి చేస్తామన్నారు, కోరుట్లలో సంబంధం కూడా చూశారు. "ఎముకన్న గంగల కలుపలే. ఆయన పాణం గా నీళ్ళల్లనే తిరుగుతుంటే నేనెట్ల పోత?" అని తిప్పి పంపింది. పోయినవాళ్ళకు పెట్టే ప్రతి పెత్తరమాసకూ ఆ గట్టు మీదే విస్తరి పెట్టింది. ఎముక దొరికితే ధర్మపురి గోదావరిలో కలపాలి, ఆయన్ను సాగనంపాలి, ఆ తర్వాతే తన బతుకు తనది. ఆమెకున్న ఆశ అదొక్కటే.

ఇప్పుడా క్వారీకి కొత్త కంపెనీ వచ్చింది. నల్లరాయి మధ్యలో చారలుగా పోయే తెల్లరాయి ఉంది, ఒకప్పుడు పనికిరాదని అవతల పారబోసినదే. దాన్ని పొడి చేసి, బట్టీలో కాల్చి, లిథియం తీస్తారట. ఫోన్లకూ బండ్లకూ బ్యాటరీలు దాంతోనేనట. ఊళ్ళో దానికి బ్యాటరీ రాయి అని పేరు పెట్టేశారు.

సైటు చూసుకునే కరుణాకర్‌ది జగిత్యాల. మంచివాడే, గేటు దగ్గర నిలబడ్డ సుమిత్రను తరమలేదు.

"నీళ్ళు ఎల్లినంక బురద మెల్లగ తీపిస్త అక్కా. ఏ చిన్న ఎముక కనవడ్డా పని ఆపి నిన్ను పిలుస్త," అన్నాడు.

ఆ మాట ఇంట్లో చెబితే గౌరవ్వ మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఎందుకు బిడ్డా గిప్పుడు గవన్ని? పోయినోడు పోయిండు. నువ్వు అటు పోకు," అంది. కన్నకడుపు కదా, తట్టుకోలేక అంటోందని సుమిత్రే ఆమెను ఓదార్చింది. ఎముకలు కట్టడానికి సిరిసిల్ల నుంచి తెల్లబట్ట తెప్పించి పెట్టుకుంది.

మోటార్లు ఆగకుండా నడిచాయి. చివరికి అడుగు తేలింది. నిమజ్జనం చేసిన వినాయకుల ఇనుప చట్రాలు, తుప్పు పట్టిన కంప్రెషర్ బయటపడ్డాయి. ఓ మూలన మేక ఎముకలు, కొమ్ములతో సహా, మెడలో గంటతో సహా ఉన్నాయి. జలపతి పోయిన ఎండాకాలమే ఊళ్ళోని మల్లన్న మేక అందులో పడింది. గంట చూసి మల్లన్న గుర్తుపట్టాడు కూడా.

మేక ఉంది, మనిషి లేడు.

కరుణాకర్ మాట తప్పలేదు. బురదంతా జల్లెడ పట్టినంత పని చేయించాడు. ఆఖరికి, "ఏం లేదక్కా," అన్నాడు ఆమె మొహం చూడకుండా. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు, సుమిత్రకు ఆ ఎలుక కూడా దక్కలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. మేక ఎముకలు నిలిచినచోట మనిషి ఎముకలు ఎక్కడికి పోతాయి? అసలు ఆ నీళ్ళలో పోతే కదా! పైకి ఎవరూ అనలేదు, అనాల్సిన పనీ లేదు.

సుమిత్రకూ అది అర్థమైంది. అయినా ఆమెకు ముందు గుర్తొచ్చింది ముసలమ్మే. నీ కొడుకు చావలేదు, మనల్ని ఇడిసి పారిపోయాడని చెబితే గుండె పగిలి చస్తుంది. పేల్చిన రాళ్ళ కుప్పలో ఒక తెల్లరాయి కనిపించింది. జానెడు పొడుగు, సన్నం, అచ్చం ముంజేతి ఎముకలా ఉంది. చూపు సరిగా ఆనని గౌరవ్వకు ఇది చాలనుకుంది.

తెల్లబట్టలో చుట్టి తెచ్చి అత్త ఒళ్ళో పెట్టింది. "దొరికిండు అత్తా."

గౌరవ్వ మూట విప్పి వేళ్ళతో తడిమింది. ఏడవలేదు.

"గిది రాయి," అంది.

సుమిత్ర చెయ్యి చాపి మూట తిరిగి కట్టబోయింది.

"వాడు గా గుంతల లేడు బిడ్డా. బొంబాయి దిక్కు భీమండిల ఉన్నడు, మగ్గాల కార్ఖానల. ఇంకో ఆమెను చేసుకున్నడు, ఇద్దరు పిల్లలు. పోయిన ఏడే ఫోన్ చేసి బతికున్నన్నని చెప్పిండు, నువ్వు బీడీలు అప్పజెప్ప పోయినప్పుడు."

"పోయిన ఏడంటే... నిరుడా?"

"కాదు. వాడు పోయిన ఏడు."

ఇన్నేళ్ళూ! "మరి నాకెందుకు చెప్పలే అత్తా?"

"కోరుట్ల సంబంధం అప్పుడే అచ్చె. తెలిస్తే పోతవని... నువ్వు పోతే నాకు బుక్కెడు బువ్వ ఎవలు పెడ్తరు?"

సుమిత్రకు కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. పెత్తరమాస పెత్తరమాసకూ గౌరవ్వ చేతులే కూరలు వండి విస్తరిలోకి ఇచ్చాయి. బతికున్న కొడుక్కు పిండం పెట్టనిచ్చిన తల్లిని ఏమని తిట్టాలి? ఆ పూట కూడా అన్నం వండింది, ముందు గౌరవ్వ కంచంలోనే పెట్టింది. తను పెట్టకపోతే ఎవరు పెడతారు? ముసలమ్మ లెక్క తప్పు కాదు.

మర్నాడు పొద్దున్నే ఆ మూట పట్టుకుని ఒక్కతే ధర్మపురి పోయింది. రేవులో అయ్యగారు మూట వంక చూసి, "పోయినోళ్ళ పేరేందమ్మా?" అన్నాడు.

"సుమిత్ర."

"నీకేమైతది?"

ఆమె మూట ముడి బిగించింది. ఎంతమంది ఏడుపు చూశాడో ఆయన, రెట్టించకుండా ఆ పేరుతోనే మంత్రం చదివాడు. నడుముల్లోతు నీళ్ళలోకి దిగి మూట వదిలింది. రాయి కదా, వెంటనే మునిగింది. తడి చీర పిండుకుని సుమిత్ర గబగబా బస్టాండుకు నడిచింది. ఇంటి దగ్గర గౌరవ్వకు పొద్దటి నుంచి తిండి లేదు.