ఆడవాళ్ల సంగతి

"ఉయ్యాల గూడ ఆటోల పెట్టియ్యి," అన్నాడు ప్రేమ్‌రాజ్, విక్టోరియా అప్పుడే ఇస్త్రీ చేసిచ్చిన చొక్కా తొడుక్కుంటూ. "సర్కారోళ్లు చూస్తరట. ఒక్క పూటే గద."

వాళ్ల కూతురు పడుకున్న ఉయ్యాల అది. ఉయ్యాలనైనా, భార్యనైనా అవసరానికి వాడుకుని మూలన పెట్టడం అతనికి అలవాటే.

విక్టోరియా గన్‌ఫౌండ్రీలో ఒక బట్టల కంపెనీలో పనిచేస్తోంది. సర్కారు హాస్టళ్ల పిల్లలకు యూనిఫాంలు సరఫరా చేసే కంపెనీ. ఆ ఏడు సర్కారు కొత్త షరతు పెట్టింది. కుట్టుపని ఏ షెడ్డుకిచ్చినా అక్కడ ఆడవాళ్లకు బాత్రూం, వాళ్ల పసిపిల్లలకు ఉయ్యాల ఉండాలి, లేదంటే కంపెనీకే ఆర్డరు లేదు. దాంతో మేనేజరు శ్యామ్‌సుందర్‌కి ఆడవాళ్ల మీద ఎక్కడలేని జాలి పుట్టుకొచ్చింది. "ఆడవాళ్ల సంగతి గదా, షెడ్డు మీరే చూసి చెప్పండి విక్టోరియాగారూ," అన్నాడు. చూడాల్సిన షెడ్డు, నాంపల్లి స్టేషను వెనక ఉన్నది, ఆమె భర్తదేనని తెలిసే అన్నాడు. ఇన్నేళ్లూ టీ చెప్పడానికి తప్ప తనను పిలవనివాడికి ఇప్పుడీ నమ్మకం ఎందుకొచ్చిందో ఆమెకూ తెలుసు.

ప్రేమ్‌రాజ్‌కి అనుమానమే లేదు. "బాగుందని చెప్పుడే గద. నీకు ఇంట్ల కూసునుడే, ఆఫీసుల కూసునుడే," అని నవ్వాడు. అప్పుడామె అతని తల్లి కాళ్లు వత్తుతోంది.

షెడ్డులో సున్నం ఇంకా ఆరలేదు. బాత్రూం తలుపు మీద 'మహిళలు' అని కొత్త రంగు. ఉయ్యాలలో ఎవరి బిడ్డో ఏడుస్తున్నా మిషను మీంచి లేవడానికి తల్లికి భయం. సర్కారు ఆఫీసరు వరప్రసాద్ గుమ్మంలోనే నిలబడి, కూల్‌డ్రింకు తాగుతూ, "బాగుంది, బాగుంది," అన్నాడు.

విక్టోరియా మిషన్ల మధ్యకు వెళ్లి, కుడుతున్న కొండమ్మ పక్కన వంగింది. "బాత్రూంకు ఏడికి పోతరు?"

"స్టేషనుకు పోతమమ్మా," అంది కొండమ్మ తలెత్తకుండానే. "దీన్ని నిన్ననే తెరిచిన్రు. రేపు మల్ల తాళమే."

"ఏం మేడం, ఓకేనా?" అన్నాడు ఆఫీసరు గుమ్మంలోంచే.

"కాదు సార్. ఆ బాత్రూం నిన్న తెరిచిన్రు, రేపు మూసేస్తరు. ఉయ్యాల మా ఇంటిది. ఈ షెడ్డు వద్దు."

ప్రేమ్‌రాజ్ ముఖం మాడిపోయింది. తప్పంతా ఆమెదే అన్నట్టు చూశాడు వరప్రసాద్. "ఆయన మీ ఆయనే కదమ్మా?"

"ఔ సార్. అందుకే నాకు బాగ తెలుసు."

ఆఫీసరు ముందే ఆ మాట అనేశాక, ఆర్డరు ఎక్కడ పోతుందోనని శ్యామ్‌సుందర్ వేరే షెడ్డు వెతికాడు. పని ఖైరతాబాద్‌లో ఇంకో షెడ్డుకు వెళ్లింది. కొండమ్మవాళ్లను కూడా పనిలోకి తీసుకుంటేనే ఇస్తామని విక్టోరియా పట్టుబట్టింది.

ప్రేమ్‌రాజ్ ఆమెతో మాటలు మానేశాడు. అది పెద్ద శిక్ష అనుకున్నాడు, పాపం. పెళ్లైన ఇన్నేళ్లలో ఆమె అంత హాయిగా ఎప్పుడూ లేదు.