వాత మీద అక్షరం

పుష్పలత పంతులమ్మ సూర్యాపేట నుంచి పెన్‌పహాడ్ ఆడవాళ్ళ బడికి ఫ్లానెల్ బోర్డు తెచ్చింది. ఆ గుడ్డ మీద అక్షరం అంటిస్తే రాలకుండా నిలిచేది. కొందరికి ఆ రంగుల అక్షరాలతోనే చదువు వచ్చింది. సైదమ్మకు రేడియో పాఠం చెవిన పడితే చాలు, పాటలా పట్టేసేది. దుర్గమ్మకు రెండూ ఎక్కలేదు. చూసిన అక్షరం ఇల్లు చేరేలోగా మరుపున పడేది.

"ఒక్కొక్కరికి ఒక్కో తీరులో వస్తుంది. నీ చేతికి ఏ పని అలవాటు?" అని అడిగింది పంతులమ్మ.

"గొర్లకు వాతలు పెట్టుడు."

మరునాడు పంతులమ్మ ఇనుప తీగ తెచ్చిచ్చింది. దుర్గమ్మ దాన్ని తన పేరులోని 'ద'లా వంచింది. ఆ అక్షరం ఇక వేళ్ళను వదల్లేదు.

"ఈమె సదువుతలేదు, కమ్మరి కొలిమి పెట్టింది" అంది సైదమ్మ. దుర్గమ్మ కూడా నవ్వింది, మగడు పోయాక మొదటిసారి.

ఆమె వాటాకొచ్చిన గొర్రెలు మరిది నాగయ్య మందలోనే మేసేవి. అన్నిటి చెంపల మీదా ఇంటి వాత, రెండు గీతలు. "ఏవి నావి?" అంటే "అన్నీ మనయే గదా వదినా" అనేవాడు. ఆ మాట అంటూనే ఆమె గొర్రెల్లో తల్లుల్ని సంతలో అమ్మేశాడు.

అతను మిర్యాలగూడ వెళ్ళిన రోజు, మందలో మిగిలిన వాటి పిల్లల్ని ఏరి, తీగ కాల్చి, రెండు గీతల మీదే 'ద' వేసింది. ఉన్న వాత మీద ఇంకో వాత పెట్టేది దొంగలేనని కులమంతటికీ తెలుసు. దుర్గమ్మకూ తెలుసు. కానీ తాను పెట్టింది వాత కాదు, అక్షరం అనుకుంది.

నాగయ్య వచ్చి పిల్లల మొహాలు చూశాడు. తిట్టలేదు. అన్నం తిని, చెయ్యి కడుక్కుని, కులపెద్ద జానయ్య ఇంటివైపు నడిచాడు.

తెల్లారి దొడ్డి దగ్గర పెద్దలు కూర్చున్నారు. సంగతి విని పంతులమ్మా వచ్చింది.

"మా వదినకు అక్షరం యాడ వస్తది పెద్దయ్యా? ఎవడో దొంగ పెట్టిండు" అన్నాడు నాగయ్య, మెత్తగా.

"ఎందుకు రాదు? అది ఆమె అక్షరమే. ఇప్పుడే చేసి చూపిస్తుంది!" పంతులమ్మ మొహం ఎర్రబడింది. వద్దన్నట్టు దుర్గమ్మ కళ్ళతో సైగ చేసినా ఆమె చూడలేదు.

జానయ్య తీగ దుర్గమ్మ చేతికిచ్చాడు. తప్పుగా వంచవచ్చు. అలా వంచుదామనే మొదలుపెట్టింది. వేళ్ళు వినలేదు. చక్కటి 'ద' తయారైంది. జానయ్య దాన్ని గొర్రెపిల్ల చెంప మీద ఆనించాడు. కాలిన గుర్తులో అతికినట్టు సరిపోయింది.

"ఇగ సాక్ష్యమెందుకు? వాత మీద వాత పెట్టినోళ్లకు మందల వాటా లేదు. గది మన కులం కట్టు."

"అది ఆమె పేరు పెద్దయ్యా! దొంగతనం కాదు!"

"పేరు మీ బడిల, పంతులమ్మా. గీడ వాతే."

నాగయ్య పిడకలు అంటించి, ఇంటి వాతల కడ్డీని మంటలో పెట్టాడు. అది ఎర్రబడింది. అతను 'ద' ఉన్న మొదటి పిల్లను తెచ్చి దుర్గమ్మ ఒళ్ళో పెట్టాడు.

"తలకాయ గట్టిగ పట్టుకో వదినా" అన్నాడు.